చివరి కొక్కెం

చిన్న మేస్త్రి రోజూ పొద్దున్నే షెడ్డు తాళం తీసి లోపలికొచ్చాక చీపురు పట్టుకోదు, కిటికీ తెరవదు, కనీసం చెప్పులైనా విప్పదు. ముందు తలెత్తి దూలం వంక చూస్తుంది. షెడ్డుకి అడ్డంగా ఈ గోడ నుంచి ఆ గోడకి ఒక ఇనప దూలం, దూలానికి పద్నాలుగు కొక్కేలు, కొక్కేలకి క్రాంకు షాఫ్టులు. ఇంజిన్‌కి వెన్నెముకలాంటి ఆ షాఫ్టును నేలమీద పడుకోబెట్టి వదిలేస్తే తన బరువుకి తనే వంగుతుంది. వెంట్రుకవాసి వంగినా ఇక దేనికీ పనికిరాదు. అందుకని పని తెలిసినవాళ్ళు ఎక్కడైనా దాన్ని నిలువుగా వేలాడదీస్తారు. ఈ షెడ్డులోనూ అంతే. కాకపోతే ఈ షెడ్డులో వేలాడదీసిన షాఫ్టులు తిరుగుతాయి.

అన్నీ ఒకేసారి తిరగవు. ఏ షాఫ్టు ఎవరిదో ఆ మనిషి దానికోసం బయల్దేరితే అది తిరగడం మొదలుపెడుతుంది. మనిషి దూరంలో ఉంటే నిదానంగా, దగ్గరికొచ్చేకొద్దీ జోరుగా. ఆ మనిషి వీధి గడపలో కాలుపెట్టగానే ఠక్కున ఆగిపోతుంది. ఎప్పటినుంచి ఇలా అని అడిగినవాళ్ళు లేరు. చిన్న మేస్త్రికి మాత్రం దీనివల్ల ఒక సుఖం ఉంది. ఏ పని ముందు ముగించాలో పొద్దున్నే తెలిసిపోతుంది.

ఆ రోజు రెండు షాఫ్టులు తిరుగుతున్నాయి. మూడో కొక్కేనిది బద్ధకంగా, ఆరో కొక్కేనిది గబగబా. ఆరోది ట్రాక్టరాయనది. ఆమె కిటికీ తెరిచేలోపే ఆయన గడపలో కాలుపెట్టాడు, షాఫ్టు ఆగింది.

"ఇవాళ రావాలనే అనుకోలేదు మేస్త్రీ," అన్నాడు కూర్చోకుండానే. "పళ్ళెం ముందు కూర్చున్నాను. ఉన్నట్టుండి కాళ్ళు లేచి నిలబడ్డాయి. ఇక కాళ్ళ వెంబడి నేనూ వచ్చాను."

మనిషి బయల్దేరాడని షాఫ్టు తిరుగుతుందా, షాఫ్టు తిరిగిందని మనిషి బయల్దేరతాడా అన్నది ఈ వీధిలో ఎన్నాళ్ళనుంచో తేలని తగువు. ఆయన ఈ మాట అన్నప్పుడల్లా ఐసు ఫ్యాక్టరీ ఆవిడ, "నీ కాళ్ళకున్న బుద్ధి నీకుంటే ఇంజిన్‌లో చుక్క నూనె లేకుండా నడిపేవాడివా?" అని నోరు మూయిస్తుంది.

పేరుకి చిన్న మేస్త్రి గానీ ఆమెకు నలభై మూడేళ్ళు. చెవుల పక్కన జుట్టు నెరిసింది. ఇంట్లో పెద్ద మేస్త్రి ఉన్నంతకాలం ఆమెకు పెద్దరికం వచ్చే దారి లేదు. పెద్ద మేస్త్రి అంటే వాళ్ళ నాన్న. ముప్పై ఏళ్ళు గ్రైండింగ్ మిషను మీద నిలబడిన మనిషి. ఇప్పుడు రెండు కళ్ళకీ పొర కమ్మింది. గడపకి ఇవతల, గోడవారగా వేసిన కుర్చీలో కూర్చుని నూనె గుడ్డతో బోల్టులు తుడుస్తుంటాడు. వాళ్ళుండే రెండు గదులూ షెడ్డుకి ఆనుకునే ఉన్నాయి. మధ్యలో తలుపు. ఆయన వీధి గడప దాకా వస్తాడు, రెండు చేతులూ ద్వారబంధానికి ఆనించి కాసేపు బయటికి చూస్తాడు, వెనక్కి తిరుగుతాడు. మోకాళ్ళ నొప్పులంటాడు. ఆయన గడప దాటి పదకొండేళ్ళయింది.

ఇక చివరి కొక్కెం, పద్నాలుగోది. దానికి వేలాడే షాఫ్టు కొత్తది, ఒక్కసారి కూడా ఇంజిన్‌లోకి ఎక్కనిది. చిన్న మేస్త్రి ప్రతి నెలా దానికి నూనె రాస్తుంది. పొద్దున్నే తలెత్తి ముందు చూసేది దాన్నే, మిగతా పదమూడూ ఆ తర్వాతే. అది ఆమె అన్న తెప్పించిన షాఫ్టు. అన్న వెళ్ళిపోయి పదకొండేళ్ళు. ఆ పదకొండేళ్ళలో అది ఒక్కసారి కూడా కదల్లేదు.

ట్రాక్టరాయన వెళ్ళిన కాసేపటికి నదిలో లాంచీ నడిపే సరంగు వచ్చాడు. ఇద్దరు మనుషులు తోపుడుబండి తోసుకొచ్చారు. దాని మీద గోనె చుట్టిన షాఫ్టు. సరంగు ఎడమ చేతికి మూడే వేళ్ళు. ఆ చేత్తోనే గోనె విప్పాడు.

"చూడు చెల్లెమ్మా. నూనె ప్రెజరు నిలబడటం లేదు. నది మధ్యకి వెళ్ళేసరికి ఇంజిన్ లోపల ఎవరో తలుపు కొడుతున్నట్టు చప్పుడు."

చిన్న మేస్త్రి షాఫ్టుని దిమ్మెల మీద పెట్టించి, గుడ్డతో తుడిచి, మైక్రోమీటరు తీసింది. అంగుళంలో వెయ్యోవంతుకి కూడా రాజీపడని చెయ్యి అది. షాఫ్టు మీద బేరింగులు పట్టే నాలుగు గుండ్రటి పిన్నులూ ఒక వైపు కొలిచింది, తిప్పి మళ్ళీ కొలిచింది, చివర్లలో కొలిచింది, మధ్యలో కొలిచింది. మూడో పిన్ను దగ్గర పెదవి విరిచింది.

"గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డయింది అన్నా. ఇప్పటికే పది వెయ్యోవంతులు కోశాం, ఇరవై కోశాం, ముప్పై కోశాం. ఇంకో పది కోస్తే నలభై. ఆ సైజు తర్వాత బేరింగులే చెయ్యరు. అంటే ఇదే ఆఖరి కోత."

"కొత్తది తెప్పిస్తే?"

"రాయించి చూశాను, పోయిన నెలే. నలభై రోజులన్నారు."

నది పొంగుతోంది. అవతలి ఒడ్డున ఉన్న ఇళ్ళకి రోడ్డు లేదు. ఉన్నది ఈ లాంచీ ఒక్కటే. చిన్న పడవలు ఈ ఉరవడికి ఆగవు.

"మా పిల్ల అవతల ఉంది చెల్లెమ్మా. నెలలు నిండాయి. బిడ్డ అడ్డం తిరిగాడని నర్సమ్మ చెప్పి వెళ్ళింది. ఆసుపత్రేమో ఇవతల. నలభై రోజులు కాదు, నాలుగు రోజులు కూడా నేను ఆగలేను."

అంటూ తలెత్తాడు. చివరి కొక్కెం దగ్గర ఆయన చూపు ఆగింది.

"దాని వంక చూడకన్నా," అంది చిన్న మేస్త్రి.

"చూడలేదు."

"చూశావు."

"చూస్తే ఏమైంది? అది నా ఇంజిన్‌కి సరిపోయేదే కదా. నా ఇంజిన్ కోసమే కదా తెచ్చాడు."

ఆ మాట నిజమే. పదకొండేళ్ళ క్రితం లాంచీ షాఫ్టు ఈ షెడ్డులోనే కోశారు. కోసిన పంతొమ్మిదో రోజున, నిండా జనంతో నది మధ్యలో ఉండగా, మూడో పిన్ను దగ్గర ఫట్టున విరిగింది. లాంచీ కొట్టుకుపోయి ఇసక మేటకి తగులుకుంది కాబట్టి అందరూ బతికారు. అప్పట్లో కళాసీగా ఉన్న ఇప్పటి సరంగు, తాడు గుంజకి చుట్టబోయి రెండు వేళ్ళు పోగొట్టుకున్నాడు. విరిగిన ముక్క ఒడ్డుకి తెచ్చి చూస్తే కారణం అందరికీ కనబడింది. పిన్ను పక్క గోడని కలిసే మూల గుండ్రంగా ఉండాలి. అక్కడ ఆ మూలని కత్తిరించినట్టు చదరంగా కోశారు. అలాంటి మూలలోంచే ఇనుము చీలడం మొదలవుతుంది. ఎవరి చెయ్యి ఇది అని అప్పటి లాంచీ యజమాని రేవులో అందరి ముందూ అడిగాడు. చిన్న మేస్త్రి వాళ్ళ అన్న చెయ్యి అని తేలింది. రెండు నెలలకి అన్న కొత్త షాఫ్టు తెప్పించి ఇవ్వబోతే, నీ చేతి ఇనుము నా పడవలోకి రాదన్నాడు యజమాని. వేరే ఊళ్ళో పాత షాఫ్టు ఒకటి దొరికితే అదే వేయించుకున్నాడు. ఇవాళ తోపుడుబండి మీద వచ్చింది అదే. అన్న కొత్తదాన్ని తీసుకెళ్ళి చివరి కొక్కేనికి తగిలించి, మర్నాడు పొద్దున్నే సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

"అది మా అన్న షాఫ్టు," అంది చిన్న మేస్త్రి మైక్రోమీటరు డబ్బాలో పెడుతూ. "వాడు బయల్దేరితే తిరుగుతుంది. నాకు వాడి కబురు తెలియడానికి ఈ లోకంలో ఉన్నది అదొక్కటే. అదిచ్చేస్తే ఇక నేను దేని వంక చూడాలి?"

గడప పక్క కుర్చీలో పెద్ద మేస్త్రి తుడుస్తున్న బోల్టుని కింద పెట్టి, మళ్ళీ తీసుకుని, తుడిచిందే తుడవసాగాడు.

"నీ షాఫ్టే కోస్తాను," అంది ఆమె. "జాగ్రత్తగా కోస్తాను. సాయంత్రానికి ఇస్తాను."

కోసే ముందు పగులుందా లేదా చూడాలి. షాఫ్టుని గొలుసుకి వేలాడదీసి చిన్న సుత్తితో తట్టింది. మంచి షాఫ్టయితే ఖంగుమని మోగి, ఆ మోత చాలాసేపు గాల్లో నిలుస్తుంది. ఇది మోగింది గానీ మోత తొందరగా చచ్చిపోయింది. తర్వాత కిరసనాయిలు పూసి, ఊరనిచ్చి, పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లింది. పగులుంటే లోపల దాక్కున్న కిరసనాయిలు సుద్దలోకి ఊరి గీతలా బయటపడుతుంది. మూడో పిన్ను మూలలో, కనురెప్ప వెంట్రుకంత గీత బయటపడింది.

"పైపైదే అయితే ఈ పది కోసేసరికి పోతుంది," అంది సరంగుతో. ఆ మాట అబద్ధమేమీ కాదు. చాలాసార్లు అలా పోతుంది కూడా.

షాఫ్టుని మిషనుకి ఎక్కించింది. వజ్రపు మొన ఉన్న కడ్డీతో మిషను సానరాయి అంచుని గుండ్రంగా చెక్కింది. వంపు సరిచూసే అచ్చురేకు పెట్టి చూసింది, తీసి మళ్ళీ చెక్కింది, మళ్ళీ పెట్టి చూసింది. అన్న వెళ్ళిన నాటినుంచి ప్రతి షాఫ్టుకీ మూడుసార్లు చూడటం ఆమెకు అలవాటు. మిషను నడిచింది. పాలరంగు నీళ్ళు ధారగా పడుతుంటే రాయి పిన్నుని తాకీ తాకనట్టు తాకింది. పది వెయ్యోవంతులు అంటే మూడు కాయితాల మందం. ఆ మూడు కాయితాలు తీయడానికి మధ్యాహ్నం దాటింది. పిన్నులు నాలుగూ అద్దాల్లా బయటికొచ్చాయి. సరంగు వంగి అందులో తన ముఖం చూసుకున్నాడు.

చిన్న మేస్త్రి మళ్ళీ కిరసనాయిలు పూసింది. ఇక్కడే ఆమె జీవితంలో ఎన్నడూ చెయ్యని పని ఒకటి చేసింది. కిరసనాయిలు కనీసం అరగంట ఊరాలి. ఆమె ఐదు నిమిషాలకే తుడిచేసింది. సుద్ద చల్లింది. సుద్ద తెల్లగానే ఉంది.

"పోయింది," అంది. అని తలెత్తి చివరి కొక్కెం వంక చూసింది. గుండెల మీంచి బరువు దిగినట్టయింది. సరంగు కళ్ళనిండా నీళ్ళు తిరిగి, "నీ చెయ్యి చల్లగుండ చెల్లెమ్మా" అన్నాడు.

"ఇటు తే," అన్నాడు పెద్ద మేస్త్రి.

ఆయన పని గురించి నోరు విప్పి ఏళ్ళయింది. ఆమె వెనక్కి తిరిగేసరికే ఆయన కుర్చీలోంచి లేచి, గోడ పట్టుకుని దిమ్మెల దాకా వచ్చాడు. కుడి చేతి బొటనవేలి గోరు మూడో పిన్ను మూలకి ఆనించి మెల్లగా జరిపాడు. కళ్ళు పోయాయి గానీ ఆ గోరు పోలేదు. ఒకచోట గోరు ఆగింది.

"ఉంది."

"సుద్ద వేసి చూశాను నాన్నా."

"ఎంతసేపు ఊరనిచ్చావు?"

పదకొండేళ్ళుగా వీధివీధంతా ఎవరి చేతిని నమ్ముకుందో ఆ చేతిని ఆమె కొంగులో దాచుకుంది.

"సరంగన్నా," అంది చివరికి. "ఇది వెయ్యకు. నది మధ్యలో విరుగుతుంది. నాకు తెలిసే, పగులు పోయిందని చెప్పాను."

సరంగు ఆమె వంకా, షాఫ్టు వంకా, తన చేతి వంకా చూసుకున్నాడు. ఏమనేవాడో గానీ పెద్ద మేస్త్రి అడ్డొచ్చాడు.

"దాన్నేమీ అనకు. అది నా కూతురు. నా దగ్గర నేర్చుకున్న బుద్ధే అది." ఆయన దిమ్మె అంచు రెండు చేతుల్తో పట్టుకున్నాడు. "ఆ రోజూ ఈ గోరుకి తెలిసింది తల్లీ."

"ఏ రోజు నాన్నా?"

"మూడో పిన్ను నేను కోశాను. మీ అన్న భోజనానికి లేచాడు, నేను మిషను మీదికి వెళ్ళాను. అప్పటికే చూపు మసకేస్తోంది, ఎవరికీ చెప్పలేదు. రాయి అంచు గుండ్రంగా ఉందనుకున్నాను, చదరంగా ఉంది. వాడు వచ్చి చెయ్యి పెట్టి చూసి, నాన్నా మూల గుచ్చుకుంటోంది అన్నాడు. నేనూ గోరు పెట్టి చూశాను. గుచ్చుకుంది. ముప్పై ఏళ్ళ పనివాడిని, నాకు చెప్తావా అని కసిరాను. బిగించమన్నాను. బిగించాడు."

తోపుడుబండి తెచ్చిన ఇద్దరూ గుమ్మం దగ్గరే నిలబడిపోయారు.

"రేవులో ఆయన ఎవరి చెయ్యి ఇది అని అడిగాడు. అంతమంది జనం. నా నోరు తెరుచుకుని, వాడిది అంది. వాడు నా వంక ఒక్కసారి చూశాడు. అంతే. ఒక్క మాట అనలేదు. ఆ రోజు ఆ గడపలోపలికి వచ్చినవాడిని మళ్ళీ దాటలేకపోయాను. మోకాళ్ళ నొప్పీ లేదు, గీకాళ్ళ నొప్పీ లేదు."

చిన్న మేస్త్రి పదకొండేళ్ళుగా రాయి అంచు మూడుసార్లు చూసుకుంటూ, ప్రతిసారీ అన్న చేసిన తప్పే తలచుకుంది. అన్నని ప్రేమిస్తూనే తప్పు పట్టింది. ఆమె ఏడ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని, మిషను మీద చెయ్యి ఆనించి ఏడ్చింది.

సరంగు తన మూడు వేళ్ళ చేతిని ఎత్తి చూసుకున్నాడు. "అయితే ఇన్నేళ్ళూ నేను తిట్టుకున్నది వేరే మనిషినా?"

"ఇప్పుడు నన్ను తిట్టు," అన్నాడు పెద్ద మేస్త్రి.

"తిడతాను. తీరిగ్గా కూర్చుని తిడతాను. ఇప్పుడు మాత్రం నాకు షాఫ్టు కావాలి."

పెద్ద మేస్త్రి తల ఊపి కూతురి వైపు తిరిగాడు. "దాన్ని తగిలించేటప్పుడు వాడు నీతో ఏమన్నాడు?"

ఆ మాటలు ఆమెకు కంఠతా వచ్చు. "ఇది ఎవరిదో వాళ్ళే తీసుకుంటారు, అప్పటిదాకా నూనె రాస్తూ ఉండు అన్నాడు." అంటూ ఉండగానే ఆమె మాట మందగించింది. ఎవరిదో వాళ్ళు. నాది అనలేదు. నేనొచ్చి తీసుకుంటాను అనలేదు.

"తెప్పించాల్సింది నేను," అన్నాడు పెద్ద మేస్త్రి. "తప్పు నాదయితే దానికి బదులుగా వచ్చిన షాఫ్టు కూడా నాదే. అది వాడికోసం ఎందుకు తిరుగుతుంది?"

"మరి నీ కోసమైనా తిరగలేదు కదా నాన్నా."

"నేను ఎక్కడికి వెళ్ళాను గనక? గడపలోపలే ఉన్నాను కదా."

ఆయన గడప వైపు నడిచాడు. ద్వారబంధానికి రెండు చేతులూ ఆనించాడు, రోజూ ఆనించినట్టే. ఈసారి వెనక్కి తిరగలేదు. కుడి కాలు ఎత్తి బయట పెట్టాడు. తర్వాత ఎడమ కాలు. చెప్పుల్లేని పాదాలు ఎండ కాసిన నేలమీద తడుముకుంటూ వీధిలో ఆరేడు అడుగులు వేశాయి. ఎదురింటి కిటికీలోంచి ఎవరో, "అయ్యో, పెద్ద మేస్త్రి!" అన్నారు. ఆయన ఆగి, షెడ్డు వైపు తిరిగి, నిటారుగా నిలబడి పెద్దగా అన్నాడు.

"నా షాఫ్టు కోసం వస్తున్నాను."

అని మొదటి అడుగు వేశాడు.

చివరి కొక్కెం కిర్రుమంది. పదకొండేళ్ళు కదలని షాఫ్టు ముందు వణికింది, దాని మీది నూనె చుక్క ఒకటి జారి నేలమీద పడింది, తర్వాత తిరిగింది. ఆయన ఆరడుగుల దూరంలోనే ఉన్నాడు కాబట్టి మామూలుగా తిరగలేదు. గిరగిరా తిరిగింది. కిటికీలోంచి పడ్డ ఎండ దాని నాలుగు పిన్నుల మీద తళుక్కుమని గోడల మీదా, రేకుల మీదా, మనుషుల ముఖాల మీదా వెలుతురు పరుగులు పెట్టింది. దూలం సన్నగా హోరుమంది. రోజూ చూసేదే. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నదే. అయినా చిన్న మేస్త్రికి ఒళ్ళు గగుర్పొడిచి, తెలియకుండానే రెండు చేతులూ గుండెల మీదికి వచ్చాయి. సరంగు టోపీ తీశాడు. బండివాళ్ళు ఇద్దరూ గోడకి అంటుకుపోయి నోళ్ళు తెరిచి చూశారు.

ముసలాయన పాదం గడపలో పడింది. షాఫ్టు ఆగింది.

"దించండి," అన్నాడు. "పదకొండేళ్ళ కిందట ఇవ్వాల్సింది. సరంగూ, తీసుకో."

ఆ పూట, మర్నాడూ తండ్రీ కూతురూ కలిసి పనిచేశారు. అలా పనిచెయ్యక ఎన్నాళ్ళయిందో ఇద్దరికీ గుర్తులేదు. బేరింగుల దగ్గర మాత్రం ఒక మాట మీదికి రాలేదు. బజార్లో రెండు రకాలున్నాయి. గట్టివి ఎంత బరువైనా మోస్తాయి గానీ నూనెలో ఇసక రేణువు దొర్లితే దాన్ని షాఫ్టు మీదికే నెట్టి గీతలు పెడతాయి. మెత్తవి అంత బరువు మోయలేవు గానీ ఆ రేణువుని తమలోకే దింపుకుంటాయి.

"గట్టివే వేద్దాం నాన్నా. పొంగు మీదున్న నది. ఇంజిన్ మీద బరువెక్కువ."

"షాఫ్టు మీద ఎక్కడైనా మూలగా ఆకురాయి పెట్టి చూడు."

బేరింగు తగలని చివర ఆకురాయి ఒక్కసారి లాగింది. అది ఇనుముని కొరికింది. అంటే పైన గట్టి పొర ఎక్కించని షాఫ్టు.

"మెత్తవే వెయ్యి," అన్నాడాయన. "నది పడవ. ఎంత వడకట్టినా నూనెలో ఇసక ఉంటుంది. మెత్తవైతే ఆ మురికంతా తమలో దాచుకుని షాఫ్టు మీద గీత పడనివ్వవు. అరిగిపోతాయి, అయినా నోరెత్తవు. వాటిని..." అని ఆగిపోయాడు. ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఆమె ఏమీ అడగకుండా మెత్త బేరింగుల పెట్టె విప్పింది.

బేరింగుకీ షాఫ్టుకీ మధ్య నూనె నిలిచే సందు ఉండాలి. మరీ బిగువైతే పట్టేస్తుంది, మరీ వదులైతే కొట్టుకుంటుంది. సన్నటి మైనపు పోగు మధ్యలో పెట్టి, బిగించి, విప్పి, అది ఎంత అణిగిందో కొలిచారు. మూడు వెయ్యోవంతులు. పెద్ద మేస్త్రి చేత్తో షాఫ్టుని తిప్పాడు. ఒక్క వేలితో తోస్తే చప్పుడు లేకుండా ఒకటిన్నర చుట్టు తిరిగి ఆగింది. ఆయన ముఖంలోకి రంగొచ్చింది.

మూడో రోజు మధ్యాహ్నం రేవులో లాంచీ ఇంజిన్ అందుకుంది. పెద్ద మేస్త్రి కూడా రేవుకి వెళ్ళాడు, కూతురి భుజం పట్టుకుని. పదకొండేళ్ళ కిందట అబద్ధం చెప్పిన చోటే నిలబడి, ఉన్న జనానికి ఉన్నదంతా చెప్పాడు. కొందరు తిట్టారు. కొందరు ఏమనాలో తెలీక ఇంజిన్ వంక చూశారు. సాయంత్రంలోగా సరంగు కూతురిని ఇవతలికి తెచ్చారు. మర్నాడు పొద్దున ఆసుపత్రిలో ఆపరేషను చేసి బిడ్డని తీశారు. ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. సరంగు షెడ్డుకొచ్చి ఆ కబురు చెప్పి, పెద్ద మేస్త్రి ఎదురుగా కూర్చుని, మాటిచ్చినట్టే తీరిగ్గా అరగంటసేపు తిట్టి, ఆయనిచ్చిన టీ తాగి వెళ్ళాడు.

ఇంతా అయ్యాక చిన్న మేస్త్రికి షెడ్డులో మిగిలింది ఖాళీ కొక్కెం. పొద్దున్నే తాళం తీసి తలెత్తుతుంది. ఇనప కొక్కెం, దాని వెనక రేకు, అంతే. అన్న మీద పడ్డ మాట తుడిచిపెట్టుకుపోయింది, కానీ ఆ సంగతి అన్నకి ఎవరు చెప్తారు? ఏ ఊళ్ళో ఉన్నాడో, ఏ షెడ్డులో ఎవరి మిషను మీద నిలబడ్డాడో.

బిడ్డ పుట్టిన నాలుగో రోజు పొద్దున పెద్ద మేస్త్రి లోపలి గదిలోంచి, "తల్లీ, నా మంచం కింద చెక్కపెట్టె ఉంది. నేను లాగలేను," అని పిలిచాడు.

పెట్టెలో పాత చొక్కాల కింద, నూనె గుడ్డలో చుట్టి ఉంది. విరిగిన షాఫ్టు ముక్క. లాంచీది, పదకొండేళ్ళ కిందటిది. విరిగిన చోట ఇనుము గరుకుగా ఉంది. దాని పక్కనే ఆ మూల, కత్తిరించినట్టు చదరంగా. గుడ్డ తరచూ మార్చినట్టున్నాడు, ఎక్కడా తుప్పు లేదు.

"తుక్కులో వెయ్యమన్నారు. చెయ్యి రాలేదు," అన్నాడు. "మంచం కింద పడుకోబెట్టి ఉంచాను. వేలాడదీస్తే ఏమవుతుందోనని భయం. నేను చేసిన తప్పుని వాడు తనదిగా తీసుకున్నాడు. ఇది వాడిది తల్లీ. దీని మీద నాకు హక్కు లేదు."

ఇద్దరూ కలిసి మోసుకొచ్చారు. విరగని చివరకి గొలుసు చుట్టి, చివరి కొక్కేనికి తగిలించారు. తగిలించి, కింద నిలబడి చూశారు. సగం షాఫ్టు. అది కదల్లేదు. మధ్యాహ్నం దాకా కదల్లేదు. చిన్న మేస్త్రి నిచ్చెన వేసుకుని, గొలుసు మీదా దూలం మీదా ఎదురెదురుగా సుద్దతో రెండు గుర్తులు పెట్టి పనిలో పడిపోయింది.

మర్నాడు పొద్దున తాళం తీసి, చెప్పులు విప్పకుండా, తలెత్తింది. గుర్తులు రెండూ ఎదురెదురుగా లేవు. మధ్యలో వేలెడు ఎడం ఉంది.

ఆమె నిచ్చెన మెట్టు మీద కూర్చుండిపోయింది. ఒక పూటకీ ఒక రాత్రికీ వేలెడు. ఎంత దూరంలో ఉన్నాడో! అంత దూరాన ఏదో ఊళ్ళో, ఏదో పళ్ళెం ముందు కూర్చున్న మనిషికి ఉన్నట్టుండి కాళ్ళు లేచి నిలబడ్డాయి. ట్రాక్టరాయన మాటలకి ఇన్నాళ్ళూ నవ్వినందుకు ఆమె ఆ రోజు మనసులోనే ఆయనకి దణ్ణం పెట్టుకుంది.

రెండో రోజుకి ఎడం జానెడయింది. ఐదో రోజుకి కంటికి కనబడేలా తిరిగింది. వీధిలోవాళ్ళు పనులు మానుకుని వచ్చి చూసి వెళ్ళేవాళ్ళు. ఐసు ఫ్యాక్టరీ ఆవిడ మాత్రం గుమ్మంలో నిలబడి, "సగం షాఫ్టే ఇలా తిరుగుతోందే," అని కళ్ళు తుడుచుకుంది. పెద్ద మేస్త్రి కుర్చీ గడపకి అవతలికి మారింది. పొద్దుటినుంచి సాయంత్రందాకా వీధిలోనే కూర్చుని, వచ్చేపోయే అడుగుల చప్పుడు వింటున్నాడు.

తొమ్మిదో రోజు పగలు చిన్న మేస్త్రి గుమ్మానికి వీపు పెట్టి మిషను మీద ఉంది. ఐసు ఫ్యాక్టరీ జనరేటరు షాఫ్టు, రెండో పిన్ను. వెనక పైన కొక్కెం కిర్రుకిర్రుమంటూనే ఉంది. పొద్దున నిమిషానికి నాలుగైదుసార్లు, ఇందాక ఊపిరి తీసినంతసేపటికోసారి, ఇప్పుడు ఒకటే హోరు. పని మధ్యలో ఉన్న రాయిని వదిలేసి తిరగడం ఆమెకు రాదు. వెయ్యోవంతు, ఇంకో వెయ్యోవంతు.

హోరు ఠక్కున ఆగింది.

ఆమె రాయిని మెల్లగా వెనక్కి జరిపింది. స్విచ్చి కట్టింది. అంత పెద్ద రాయి ఒక్కసారిగా ఆగదు. తిరిగి, తిరిగి, నెమ్మదిస్తూ, చివరి నీటి చుక్కలు విసురుతూ, అప్పటికి ఆగింది. షెడ్డు నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో గుమ్మం దగ్గరనుంచి, వీధంతా వినబడేంత గట్టిగా, నాన్న గొంతు వచ్చింది.

"ఆ మూల నేను కోశానురా!"

చిన్న మేస్త్రి అప్పుడు వెనక్కి తిరిగింది.